పళ్ళు కొరికితే కోపం కాదు వదినా!

మా పక్కింటి వదినకి ఎలుకలు రెండు రకాలే తెలుసు. వినాయకుడి పాదాల దగ్గర కుడుము పట్టుకుని కూచునేది ఒకటి, బియ్యం డబ్బా వెనక నక్కేది ఒకటి. మొదటిదానికి దండం పెడుతుంది, రెండోదానికి బోను పెడుతుంది. అందుకే మా మేడ మీద కుర్రాడు ఎలుకల్ని పెంచుతున్నాడని తెలిసిన రోజున, గోడ మీద ఆరేసిన దుప్పటి పక్కకి జరిపి మరీ అడిగింది.

"ఎలుకలను పెంచుడేంది వదినా? ఉన్నయి పట్టి పారేసుడే మాతోని అయితలేదు!"

ఆవిడ బాధలో న్యాయం ఉంది. మాది హైదరాబాద్‌లో అత్తాపూర్. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల నంబర్లతో అడ్రసులు చెప్పుకునే పేట. ఆ పిల్లర్లు లేవకముందే ఇక్కడ కాపురం పెట్టినవి మూసీ ఒడ్డు పందికొక్కులు. బాపూఘాట్ దగ్గర ఈసీ వచ్చి మూసీలో కలిశాక ఆ నీళ్ళు మా పక్కనుంచే పోవాలి. హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారంటే ఒడ్డున బొరియలు మునుగుతాయి, బొరియల్లో వాళ్ళు మన ఇళ్ళకి చుట్టపుచూపుగా వస్తారు. పోయిన వానాకాలం వదినావాళ్ళ స్కూటర్ వైర్లు కొరికి పెట్టాయి. మెకానిక్‌కి డబ్బులిచ్చి వచ్చిన మనిషికి ఎలుక ముద్దొస్తుందని చెబితే ఎలా వింటుంది?

పైగా ఈ ఊరికీ ఎలుకకీ ఉన్న సంబంధమే వింతైనది. ఇటు కూతవేటు దూరంలో, రాజేంద్రనగర్‌లో, జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉంది. పొలాల్లో ఎలుకల్ని ఎలా అదుపు చెయ్యాలో అక్కడ శిక్షణ ఇస్తారు. ఊరికి అటు చివర తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అక్కడ ఎలుకలకి వేళకి మేత, వేళకి నీళ్ళు, పుట్టుకకీ పెరుగుదలకీ లెక్కాపత్రం. ఆ మర్యాద వెనక సూదులూ ఉంటాయనుకోండి, అది వేరే సంగతి. తార్నాక కథ దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే ఎలుక సంతోషం గురించి నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి కథ ఆ ఇంటిదే.

ముందు మేడమీది సంగతి. కుర్రాడు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో పనిచేస్తాడు, ఎక్కువ రాత్రి డ్యూటీలే. తెల్లారుజామున అతను తలుపు తీసేసరికి ఊరంతా నిద్రలో ఉంటుంది, ఈ రెండు ఎలుకలు తప్ప. వాటికీ అదే వేళ హుషారు. ఎండ ఎక్కాక ముగ్గురూ కలిసి పడుకుంటారు. ఒకదాని పేరు సేమియా, తెల్లగా ఉంటుంది. రెండోది బూందీ, ఒళ్ళు తెలుపు, తలా భుజాలూ గోధుమరంగు, పైన ముసుగేసుకున్నట్టు. రెండూ ఆడవే. తెచ్చేముందు నన్ను అడిగే తెచ్చాడు. ఇంటర్ పిల్లలకి ఏళ్ళ తరబడి జంతుశాస్త్రం చెప్పినదాన్ని, కాదనడానికి నోరు రాలేదు.

ఇవి మన మూసీ పందికొక్కుల చుట్టాలు కావు, వదినా, అని చెప్పాను. ప్రయోగశాలల్లో ఉండే తెల్ల ఎలుకా, ఇళ్ళల్లో పెంచుకునే రంగురంగుల ఎలుకా ఒకే జాతి. శాస్త్రం పేరు రాటస్ నార్వెజికస్. విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో జాక్ బ్లాక్ అని ఎలుకలు పట్టే ఆయన ఉండేవాడు. పట్టిన వాటిల్లో వింత రంగువి కనిపిస్తే చంపకుండా పెంచి అమ్ముకునేవాడు. 1901లో మేరీ డగ్లస్ అనే ఆవిడ పట్టుబట్టి ఏల్స్‌బరీలో జరిగిన చిట్టెలుకల పోటీలో ఎలుకలకీ చోటిప్పించింది. అంటే మనిషి చేతిలో పెరగడం ఈ వంశానికి నూరేళ్ళ పైమాటే. మూసీ గట్టుదాన్ని పట్టుకొచ్చి పంజరంలో పెడితే అది సేమియా కాదు, కొరికి చెయ్యి ఊడబెరుకుతుంది.

అసలు గొడవ జరిగింది ఒక సాయంత్రం. నిమ్మకాయ పచ్చడి గిన్నె ఇవ్వడానికి వదిన మేడెక్కి వచ్చింది. కుర్రాడు నులకమంచం మీద కూచుని బూందీని ఒళ్ళో పెట్టుకుని చెవి వెనకాల వేలితో రాస్తున్నాడు. ముందు చిన్న చప్పుడు మొదలైంది, కిటకిటమని, ఎవరో దూరంగా పోకచెక్క కొరుకుతున్నట్టు. కాసేపటికి ఆ చప్పుడు జోరందుకుంది. ఆ వెంటనే బూందీ కళ్ళు రెండూ గబగబా ముందుకి పొంగి లోపలికి పోవడం మొదలుపెట్టాయి. నల్లపూసల్లాంటి కళ్ళు, అర సెకనుకోసారి ఉబ్బుతూ, తగ్గుతూ.

"అయ్యో అయ్యో, కండ్లు బయటికొస్తున్నయి! ఫిట్స్ ఒచ్చినయి దానికి! నీళ్ళు చల్లు బిడ్డా!" అని వదిన గిన్నె కింద పెట్టేసింది.

"ఏం కాలేదు ఆంటీ, ఖుషీగా ఉంది అది" అన్నాడు వాడు నవ్వుతూ.

"పండ్లు కొరుకుతుంటే ఖుషీ అంటవేందిరా!"

మనకి పళ్ళు పటపటా కొరకడమంటే కోపం. ఎలుకకి అలా కాదు. దాని ముందు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు. పైపళ్ళనీ కిందిపళ్ళనీ ఒకదానికొకటి రాసుకుని అరగదీసుకోకపోతే నోరు మూతపడదు. ఆ రాసుకోవడం ఒళ్ళు తేలిగ్గా, మనసు నిబ్బరంగా ఉన్నప్పుడు తనంత తానే జరిగిపోతుంది, పిల్లి గురగురమన్నట్టు. ఇక కళ్ళ సంగతి. దవడని ఆడించే కండరంలో ఒక పాయ కంటిగూటిలోంచి వెళ్తుంది. దవడ వేగంగా ఆడినప్పుడల్లా ఆ కండరం కనుగుడ్డుని వెనకనుంచి నెడుతుంది. అందుకే ఆ ఉబ్బడం. నొప్పి లేదు, జబ్బు కాదు. పెంచేవాళ్ళు ఎదురుచూసేదే ఆ కళ్ళాట కోసం.

కానీ ఇక్కడో మెలిక ఉంది, కుర్రాడికి కూడా అదే చెప్పాను. పళ్ళ చప్పుడు వినగానే మురిసిపోకూడదు. భయంతో ఉన్నప్పుడూ, ఒంట్లో నొప్పి ఉన్నప్పుడూ కూడా ఎలుక పళ్ళు నూరుకుంటుంది, తనని తాను ఊరడించుకోవడానికి. డాక్టరు బల్ల మీద నూరితే అది సంతోషమని ఎవరంటారు? ఒళ్ళంతా చూడాలి. వెంట్రుకలు నిక్కబొడుచుకుని, వీపు గూనిగా పెట్టి, మూలకి ఒదిగి నూరుతుంటే అది బాధ. కాళ్ళు బారజాపి, పొట్ట నేలకి ఆనించి, రొట్టెలా పరుచుకుని నూరుతుంటే అది సుఖం. ఇంకో ఆనవాలు కన్నీళ్ళు. ఎలుక కంటి వెనక గ్రంథి నుంచి ఎర్రటి ద్రవం వస్తుంది. జబ్బు చేసినా, బెంగ పెట్టుకున్నా కళ్ళచుట్టూ, ముక్కుచుట్టూ ఆ ఎరుపు అట్టలు కడుతుంది. చూసినవాళ్ళు నెత్తురనుకుని హడలిపోతారు. నెత్తురు కాదు గానీ, నిర్లక్ష్యం చెయ్యాల్సిందీ కాదు.

చెవులు కూడా చెబుతాయి. స్విట్జర్లాండ్‌లో పరిశోధకులు ఎలుకలకి చక్కిలిగింతలు పెట్టి ముఖాలు ఫొటోలు తీసి పోల్చి చూశారు. 2016లో అచ్చయింది ఆ పని. సంతోషంగా ఉన్న ఎలుక చెవులు కాస్త గులాబీ రంగు తేలతాయి, నిక్కకుండా పక్కలకి వాలతాయి. సేమియా తెల్లది కాబట్టి ఆ రంగు మనకి తేలిగ్గా పట్టుబడుతుంది. వదిన కళ్ళద్దాలు తెచ్చుకుని మరీ చూసింది. చూసి, "అవు, ఎర్రగైనయి" అని ఒప్పుకుంది. అది ఆ రోజుకి పెద్ద విజయం.

"చక్కిలిగింతలేంది, ఎలుకకు?" అంది ఆ వెంటనే.

ఇదే నాకు ఇష్టమైన భాగం. అమెరికాలో యాక్ పాంక్‌సెప్ అని ఒక శాస్త్రవేత్త, ఎస్టోనియాలో పుట్టినవాడు, 1990ల చివర్లో తన ప్రయోగశాలలో ఎలుకల్ని వెల్లకిలా తిప్పి పొట్ట మీద వేళ్ళతో గిలిగింతలు పెట్టాడు. మన చెవికేమీ వినబడదు. గబ్బిలాల అరుపులు పట్టే యంత్రం పెట్టి వింటే మాత్రం గది నిండా కిచకిచలే. మన చెవి ఇరవై వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. ఎలుకల ఆ కిచకిచలు యాభై వేల దగ్గర ఉంటాయి. భయపడినప్పుడు, ఓడిపోయినప్పుడు తీసే రాగం వేరు, అది ఇరవై రెండు వేల దగ్గర. అంటే వాటి ఏడుపు మన చెవి గడపకి ఆవలే ఉంది, నవ్వు ఇంకా చాలా దూరం. దీన్ని నవ్వు అనొచ్చా అని పండితులు కొట్టుకున్నారు. ఆ తగువు వాళ్ళకే వదిలేద్దాం. గిలిగింతలు పెట్టిన చేతి వెనకాలే ఎలుకలు పరిగెత్తి, ఇంకా పెట్టమని వస్తాయన్నది మాత్రం అందరూ చూసిందే.

బెర్లిన్‌లో ఇషియామా, బ్రెష్ట్ అనే ఇద్దరు 2016లో దీనికి మరో ముడి విప్పారు. అదే ఎలుకని తీసుకెళ్ళి ఎత్తైన బల్ల మీద, కళ్ళు చెదిరే వెలుతురులో పెట్టి గిలిగింతలు పెడితే కిచకిచలు దాదాపు ఆగిపోయాయి. చెయ్యి అదే, పొట్ట అదే, భయం ఉన్నచోట నవ్వు లేదు. మన పిల్లల్ని కొత్తచోట పదిమందిలో నిలబెట్టి "అంకుల్‌కి నవ్వి చూపించు" అంటామే, అప్పుడు వాళ్ళు పెట్టే ముఖం గుర్తుకొచ్చింది నాకు ఇది చదివితే. బ్రెష్ట్ బృందమే 2019లో ఎలుకలకి దాగుడుమూతలు నేర్పింది. తిండి ఆశ పెట్టకుండా, దొరికినప్పుడు గిలిగింతలే బహుమానంగా. వెతికేటప్పుడు కిచకిచలు, దాక్కున్నప్పుడు నోరు మూత. దాక్కోడానికి లోపలిది కనబడే పెట్టె ఒకటి, కనబడని పెట్టె ఒకటి పెడితే కనబడనిదాన్నే ఎంచుకునేవి. దొరికాక కూడా మళ్ళీ పరిగెత్తి దాక్కునేవి, ఆట అయిపోకూడదని.

"మా మన్మడు గుడ గంతే" అంది వదిన.

ఇప్పుడు తార్నాక కథ. ఆ సంస్థ పుట్టింది తార్నాకలో కాదు. 1918లో నీలగిరుల్లోని కూనూరులో, బెరిబెరి జబ్బు మీద పరిశోధనకని రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు చిన్నగా మొదలుపెట్టాడు. 1958లో హైదరాబాద్‌కి మారింది, 1969లో ఇప్పటి పేరొచ్చింది. ఆ మెక్‌కారిసన్ కూనూరులో ఏం చేశాడంటే, మన దేశంలో ఏ ప్రాంతంవాళ్ళు తినే తిండి ఆ లెక్కలో ఎలుకలకి పెట్టి చూశాడు. సిక్కుల తిండి ఒక గుంపుకి: పొట్టు తియ్యని గోధుమ రొట్టె, వెన్న, పాలు, మొలకెత్తిన పప్పు, పచ్చి క్యారెట్టు, వారానికోసారి కాస్త మాంసం. పఠాన్లది ఒక గుంపుకి, మరాఠాలది ఒకదానికి. అలా చివరికి మద్రాసు తిండి: బాగా పాలిష్ పట్టి కడిగిన బియ్యం, పేరుకి పప్పు, కాస్త కూర, కాఫీ. సిక్కు తిండి ఎలుకలు సగటున 235 గ్రాములు తూగాయి. మద్రాసు తిండివి 155.

"మద్రాసు అంటే మీ గుంటూరోళ్ళే గద అప్పుడు?" అంది వదిన గోడ మీదకి ఇంకాస్త వంగి. అవునండీ, అప్పుడు మా గుంటూరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే, ఒప్పుకోక తప్పలేదు. "మా జొన్నరొట్టెలు దిన్నయి అయితే సిక్కోళ్ళ ఎలుకలతోని కుస్తీ పట్టేటివి" అని తేల్చేసింది. దానికి నేనేమీ అనలేకపోయాను.

అసలు నేను చెప్పదలుచుకున్నది బరువుల మాట కాదు. ఆయన మరో ప్రయోగం చేశాడు. ఒక గుంపుకి సిక్కు తిండి, ఇంకో గుంపుకి ఆనాటి ఇంగ్లండు పేదల తిండి: తెల్ల రొట్టె, మార్గరిన్, డబ్బా మాంసం, ఉడకేసిన కూరలు, పంచదార వేసిన టీ. మొదటి గుంపు ఎలుకలు కలిసిమెలిసి హాయిగా బతికాయి. రెండో గుంపువి ఎదగలేదు సరికదా, చిరాకుపడిపోయి మేత పెట్టేవాళ్ళని కొరకబోయేవి. అరవయ్యో రోజుకల్లా వాటిలో బలహీనమైనవాటిని మిగతావి చంపి తినడం మొదలెట్టాయి. దాంతో వాటిని విడివిడిగా పెట్టాల్సొచ్చింది. గిలిగింతల యంత్రాలూ, చెవుల ఫొటోలూ లేని రోజుల్లోనే ఆ డాక్టరు ఎలుక తృప్తిగా ఉందో లేదో కొలిచేశాడు: పక్కదానితో ఎలా మసులుతోంది, చెయ్యి పెడితే ఏం చేస్తోంది. నన్నడిగితే ఇప్పటికీ అంతకన్నా మంచి కొలత లేదు.

తినడమే సంతోషమనుకునేవాళ్ళకి అదే సంస్థ నుంచి ఇంకో సంగతి. అక్కడ తరతరాలుగా సాకుతున్న విస్టార్ రకం ఎలుకల్లో 1996 ప్రాంతంలో కొన్ని ఊబకాయం పిల్లలు బయటపడ్డాయి. కడుపు నిండిందన్న కబురు మెదడుకి అందక తింటూనే ఉండేవి, కిలో దాటి తూగినవీ ఉన్నాయి. వాటినే ఒక వంశంగా నిలిపి, మధుమేహం, కంటిశుక్లాల లాంటి మన జబ్బుల పరిశోధనకి వాడుకుంటున్నారు. కుర్రాడు బూందీకి బిస్కెట్టు ముక్క పెట్టి "ఎంత ఆనందంగా తింటోందో చూడండి ఆంటీ" అన్నప్పుడల్లా నేను ఈ కథ చెబుతాను. ఎలుకకి ఆకలి వేరు, తృప్తి వేరు. సేమియా బిస్కెట్టు నోట కరుచుకుని మూలకి పారిపోతుంది. అది దోపిడీ. తిన్నాక వచ్చి వాడి వేలు నాకుతూ, తన ఒంటినే దువ్వుకున్నట్టు గోళ్ళ చుట్టూ శుభ్రం చేస్తుంది. తృప్తి అంటే అది.

ఆ నాకడం, దువ్వడం కూడా కళ్ళు మూసుకుని నమ్మకండి. ఒకదాన్నొకటి మెల్లగా దువ్వుకుంటే స్నేహం. ఒకటి రెండోదాన్ని వెల్లకిలా పడేసి, అది కీచుమంటున్నా వదలకుండా గట్టిగా దువ్వుతుంటే అది పెత్తనం. మన ఇళ్ళల్లో ఆడపడుచులు జడ వేస్తామని కూచోబెట్టి జుట్టు లాగడం చూడలేదూ?

ఇంత విన్నాక వదిన మెత్తబడిందా అంటే, పంజరం దాకా వస్తోంది, చెయ్యి మాత్రం పెట్టడం లేదు. వాళ్ళ మనవడు మాత్రం రోజూ నాలుగు వేరుశనగలు పట్టుకొచ్చి కమ్మీల్లోంచి ఇస్తున్నాడు. "నాకూ ఒకటి కావాలె" అని ఇంట్లో గొడవ మొదలుపెట్టాడట. ఇంట్లో పిల్లలు ఇలా అడిగితే ఏం చెయ్యాలని గోడకి ఆ పక్కనుంచి ఈ పక్కనుంచి నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నాను.

గట్టు మీదవీ, గోడౌనులోవీ పట్టుకురాకండి. వాటి ఉచ్చతో ఎలుక జ్వరం అంటుకుంటుంది. వానాకాలం మురుగునీళ్ళలో నడిచొచ్చి కాళ్ళు కడుక్కోనివాళ్ళకి కూడా అదే ప్రమాదం. పెంపుడువాటిని ముట్టుకున్నా చేతులు సబ్బుతో కడుక్కోవాల్సిందే. వీటి ఊపిరితిత్తులు నాజూకు, రంపపు పొడి లాంటి దుమ్ము పరుపులు పడవు. పాత నూలుగుడ్డలు మేలు. మన ఏప్రిల్, మే ఎండలు ఇంకా పడవు. ఎలుకకి చెమట పట్టదు, ఒంటి వేడి తోకలోంచి పోవాలి. మా కుర్రాడు వేసవిలో పంజరంలో తడిపిన షాబాద్ రాయి ముక్క పెడతాడు, రెండూ దాని మీద తోకలు వేసుకుని పడుకుంటాయి. ఆయుష్షు రెండు మూడేళ్ళే. పిల్లాడికి ఆ మాట ముందే చెప్పండి.

ఇంట్లో దూరినవాటిని తరమాలంటే తరమండి, బోను పెట్టండి, కాదనను. జిగురు అట్టలు మాత్రం వద్దు. దాని మీద ఇరుక్కున్న ఎలుక గంటల తరబడి తన చర్మం తానే చీరుకుంటుంది. వాటిని ఆపమని జంతు సంక్షేమ మండలి రాష్ట్రాలకి రాసింది కూడా. మన చెవికి వినబడని ఆ ఇరవై రెండు వేల రాగం ఆ అట్ట మీద ఎంతసేపు సాగుతుందో ఊహించుకుంటే చాలు.

ఇక పెంచుదామనే నిర్ణయానికి వచ్చేస్తే, ఒంటరిగా ఒక్కదాన్ని తేకండి. మనిషి ఎంత ప్రేమగా చూసినా రాత్రి రెండింటికి లేచి దాంతో కుస్తీ పట్టలేడు. రెండు తెండి. రెండూ ఆడవో, రెండూ మగవో తోక ఎత్తి మరీ చూసి తెండి. చూలు మూడు వారాలే, కాన్పుకి పది పన్నెండు పిల్లలు. అవన్నీ పుట్టాక మా వదిన దగ్గరికి మాత్రం పంపకండి.